మార్ఫిన్ మొదలుపెడితే ఇక ఆఖరేనా?

పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

పోయిన నెల ఈ పేజీలో నొప్పి గురించి నాలుగు ముక్కలు రాసి, మీ ఇంట్లో ఎవరైనా నొప్పితో బాధపడుతుంటే రాయండి అన్నాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొన్ని పోస్టులో వచ్చాయి, చాలావరకు వాట్సాప్‌లో, ఇద్దరు ముగ్గురైతే వాయిస్ మెసేజీలే పెట్టారు. రోగాలు వేరు, ఊళ్ళు వేరు, కానీ దాదాపు అందరూ రాసిన మాట ఒకటుంది, "చెప్పినా ఎవరూ పట్టించుకోలేదండీ" అని. పదిహేనేళ్ళుగా నొప్పి క్లినిక్‌లో కూర్చుంటున్నాను కాబట్టి ఆ మాట నాకు కొత్త కాదు, అయినా ఒక్క సాయంత్రం కూర్చుని అన్నిసార్లు చదివేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈసారి కొన్ని జవాబులు పెద్దవే రాస్తున్నా. పేర్లు తీసేశాను.

*

"డాక్టరమ్మా, మా నాన్నకి 61 ఏళ్ళు, దవడ క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్ అయిపోయాయి, మళ్ళీ తిరగబెట్టింది. రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునే ఉంటాడు, మాకు వినపడకూడదని తువ్వాల నోట్లో పెట్టుకుని మూలుగుతాడు. హాస్పిటల్లో మార్ఫిన్ బిళ్ళలు రాశారు. తెచ్చి పది రోజులైంది, బీరువాలోనే ఉన్నాయి. మా బాబాయి, మేనత్త 'అది నల్లమందు, అలవాటైతే వదలదు, అది మొదలుపెట్టారంటే ఆఖరికొచ్చినట్టే' అంటున్నారు. నాన్న కూడా 'ఇప్పుడే వద్దు, ఇంకా ఎక్కువైనప్పుడు చూద్దాం' అంటాడు. ఏం చేయమంటారు?"
ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

ముందు ఆ బీరువా తియ్యండమ్మా. పది రోజులైంది కాబట్టి రాసిచ్చిన డాక్టరుకి ఒకసారి ఫోన్ చేసి, నాన్నకి కిడ్నీ సమస్య గానీ ఆయాసం గానీ ఉంటే చెప్పి, ఆయన సరే అంటే ఈ రోజే మొదలుపెట్టండి. ఇంకా ఎక్కువైనప్పుడు చూద్దాం అంటారు గానీ, తువ్వాల నోట్లో పెట్టుకునే నొప్పికన్నా ఎక్కువ ఇంకేముంటుంది చెప్పండి.

మీ బాబాయి అన్నదాంట్లో ఒకటి నిజం, మార్ఫిన్ నల్లమందులోంచే వస్తుంది. మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు తీసుకుని గసగసాల పంట వేస్తారు, ఆ నల్లమందు నీమచ్, ఘాజీపూర్‌లో ఉన్న ప్రభుత్వ ఫ్యాక్టరీలకి పోతుంది. మిగతా రెండు మాటలూ తప్పు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన లెక్కలో వాడినవాళ్ళకి అది వ్యసనం అవ్వడం చాలా అరుదు. ఒళ్ళు మందుకి అలవాటు పడుతుంది, కాదనను, అందుకే ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించాలి, స్టెరాయిడ్ మాత్రలకీ అదే రూలు. రేడియేషన్ తర్వాత నొప్పి తగ్గిపోయి, డోసు దింపుకుంటూ దింపుకుంటూ మార్ఫిన్ పూర్తిగా మానేసి పొలం పనికి పోతున్నవాళ్ళు నా దగ్గరికి ఇప్పటికీ చెకప్‌కి వస్తుంటారు. ఇక ఆఖరి మందు అన్న సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి చెప్పింది, ముందు పారాసిటమాల్ లాంటివి, అవి చాలకపోతే కోడీన్ లాంటి చిన్న మందు, అదీ చాలకపోతే మార్ఫిన్. నొప్పి ఎంతుంది అన్నదాన్ని బట్టే మెట్టు ఎక్కుతాం. మనిషి ఎన్నాళ్ళుంటాడు అన్న ప్రశ్నకి అందులో చోటే లేదు.

ఎలా వేయాలన్నది ఇంకా ముఖ్యం. మామూలు మార్ఫిన్ బిళ్ళ పని చేసేది నాలుగు గంటలు, కాబట్టి నాలుగు గంటలకోసారి టైము ప్రకారం వేయాల్సిందే, నొప్పి ఉన్నా లేకపోయినా. నొప్పి వచ్చాక వేద్దాంలే అని ఆగితే ప్రతిసారీ మంట అంటుకున్నాక నీళ్ళకోసం పరిగెత్తినట్టే ఉంటుంది. ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పినావిడ లండన్‌లో సిసిలీ సాండర్స్. ముందు నర్సు, తర్వాత హాస్పిటల్లో సోషల్ వర్కరు, ఆ తర్వాత పట్టుబట్టి డాక్టరు చదివారు. అప్పట్లో ఆసుపత్రుల్లో రోగి నొప్పి తట్టుకోలేక అడుక్కుంటే తప్ప ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు కాదు, ఈవిడ టైము ప్రకారం ఇచ్చి చూసి, రోగులు మెలకువగా ఉంటున్నారు, మాట్లాడుతున్నారు, డోసు కూడా అందరూ భయపడ్డట్టు పెరిగిపోవట్లేదు అని ఒక్కొక్కరి కేసూ రాసిపెట్టుకుని చూపించారు. 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ అని హాస్పిస్ పెట్టారు, అంటే నయం కాని జబ్బుతో ఉన్నవాళ్ళని చివరిదాకా బాధ లేకుండా చూసుకునే చోటు. నొప్పి అంటే ఒంట్లో నొప్పి ఒక్కటే కాదు, పిల్లదాని పెళ్ళి కాలేదన్న దిగులు, అప్పు తీరలేదన్న దిగులు, దేవుడు నాకే ఎందుకిలా చేశాడన్న బాధ, అన్నీ కలిసి ఒక్క నొప్పే అని చెప్పిందీ ఆవిడే. మీ నాన్న దగ్గర కూర్చుని అవి కూడా అడగండి.

నా దగ్గరికి వచ్చిన ఒక ఆయన భార్యకి గడియారం చూడ్డం రాదు. మనవడు ఫోన్‌లో అలారాలు పెట్టి ఇచ్చాడు, మోగినప్పుడల్లా ఒక బిళ్ళ వేసి, వంటింటి క్యాలెండర్లో ఆ తేదీ గడిలో బొగ్గుతో ఒక గీత గీసేది. రెండు వారాల తర్వాత ఆ క్యాలెండర్‌ని మడతపెట్టి చంకలో పెట్టుకుని వచ్చింది. ఏ రోజు గడి చూసినా లెక్క తప్పలేదు, ఒక గడిలో మాత్రం గీత పక్కన చిన్న సున్నా చుట్టి ఉంది, ఇదేంటమ్మా అంటే "ఆ రాత్రి వాంతి చేసుకున్నాడమ్మా, బిళ్ళ పడిపోయింది" అంది. మీరూ అలా ఒక కాగితం పెట్టుకోండి.

మలబద్ధకం తప్పకుండా వస్తుంది, కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనం అయ్యే మందు కూడా వేయాలి, రాయకపోతే అడిగి రాయించుకోండి, ఇసబ్‌గోల్ దీనికి పనికిరాదు, గట్టిపడి ఇంకా ఇబ్బంది అవుతుంది. మొదటి కొన్ని రోజులు వాంతి వచ్చినట్టుండొచ్చు, మత్తుగా ఉండొచ్చు. ఆ మత్తు చూసి చాలామంది హడలిపోయి ఆపేస్తారు, నెలల తరబడి నిద్రలేని మనిషి నొప్పి తగ్గగానే రెండు రోజులు పడుకోడా మరి. కానీ పిలిచినా లేవకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం ఉంటే మాత్రం వెంటనే ఫోన్ చేయాలి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి. ఈ పనికైతే మీ బీరువా మంచిదే.

మెడికల్ షాపులో ఎందుకు దొరకదని మీలాగే చాలామంది అడిగారు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది, దొంగ వ్యాపారం ఆపడానికి తెచ్చిన చట్టమే, అవసరమే, కానీ చిన్న కాగితం తప్పు జరిగినా పదేళ్ళ జైలు అనే భయంతో ఆసుపత్రులు, షాపులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. రెండు మూడు డిపార్ట్‌మెంట్ల నుంచి నాలుగైదు లైసెన్సులు కావాలి, అన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి, ఒకటి వచ్చేసరికి ఇంకోటి గడువు అయిపోయేది. 1997కి వచ్చేసరికి ఇంత పెద్ద దేశం మొత్తమ్మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ 18 కిలోలు. నల్లమందు పండించే దేశంలో. ఈ అంకె నేను మెడికల్ స్టూడెంట్లకి చెప్పినప్పుడల్లా ఒక నిమిషం క్లాసులో ఎవరూ మాట్లాడరు. ఆ రోజుల్లోనే కేరళలో, కాలికట్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ కలిసి చిన్న క్లినిక్ పెట్టి, నోటి ద్వారా మార్ఫిన్ ఇళ్ళకి ఇచ్చి, మందు దారి తప్పకుండా రోగులకే చేరుతుందని లెక్కలతో సహా చూపించారు. వాళ్ళు ఏళ్ళ తరబడి ఢిల్లీ చుట్టూ తిరగ్గా తిరగ్గా 2014లో చట్టం మారింది, ఇప్పుడు మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులకి రాష్ట్రంలో ఒక్క డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసు గుర్తింపు ఉంటే చాలు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం, అంటే పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే విభాగం, ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది, తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో కూడా పాలియేటివ్ సెంటర్లు పెట్టారు, ఆలన అని ఇంటికి వచ్చే బండి కూడా ఉంది. ఆంధ్రా వైపు విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మీ జిల్లా ఆసుపత్రిలో "పాలియేటివ్ వార్డు ఎక్కడ" అని అడగండి, అడగ్గా అడగ్గానే ఈ సేవలు పెరుగుతాయి.

*

"మేడమ్, నేను ఒక ప్రైవేటు హాస్పిటల్లో సర్జికల్ వార్డు స్టాఫ్ నర్సుని. షిఫ్టుకి రెండుసార్లు పెయిన్ స్కోర్ రాయాలి. 'సున్నా నుంచి పదిలో మీ నొప్పి ఎంత' అంటే పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్ళు నా మొహం చూస్తారు, లేదా 'చానా ఉందమ్మా' అంటారు. నిజం చెప్తున్నా, బిజీలో అందరికీ 2 అని రాసేస్తున్నాం. 8 అని రాస్తే 'రాశావు సరే, ఏం చేశావు' అని పైవాళ్ళు అడుగుతారు. అసలు ఇది రాయడంవల్ల ఉపయోగం ఉందా?"
ఒక నర్సు, గుంటూరు

నిజం రాసినందుకు ముందు మీకు దండం పెడుతున్నా. అందరికీ 2 అని ఉన్న చార్టులు నేను ఎన్నో చూశాను, ఇలా ఒప్పుకుని రాసినవాళ్ళు తక్కువ.

సున్నా నుంచి పది అన్నది మన పెద్దవాళ్ళకి పట్టే లెక్క కాదు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. "పెద్దమ్మా, ఆపరేషన్ రోజు నొప్పి రూపాయి అనుకో, ఇప్పుడెంతుంది" అని అడగండి, టక్కున చెప్తారు, "పావలా తగ్గింది, ఇంకా ముప్పావలా ఉంది" అని. అంటే చార్టులో 7 లేదా 8 రాసుకోండి. అర్ధ రూపాయి అంటే 5. మా వార్డులో ఇది మొదలుపెట్టింది ఒక ఆయామ్మ, మేము కాదు. నేను 0 నుంచి 10 అని నానా తంటాలు పడుతుంటే పక్కన తుడుస్తూ విని, కట్టె చేతిలో పట్టుకునే వచ్చి అడిగేసింది. చిన్నపిల్లలకి నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా బొమ్మలు చూపించే స్కేలు ఉంది. మతిమరుపుతో మాట రాని ముసలివాళ్ళకి మొహం చిట్లించడం, మూలగడం, ముట్టుకుంటే చెయ్యి నెట్టేయడం చూసి మార్కులు వేసే పద్ధతి ఉంది, మీ హాస్పిటల్లో అడిగి తెప్పించుకోండి.

ఇక ఉపయోగం ఉందా అన్న ప్రశ్న, ఇది చాలా పెద్ద ప్రశ్న, అమెరికా వాళ్ళు దీంట్లో గట్టి దెబ్బ తిన్నారు. 1990లలో అక్కడి నొప్పి డాక్టర్ల సంఘం, బీపీ, పల్స్, టెంపరేచర్, శ్వాస లాగే నొప్పి కూడా ఐదో గుర్తుగా అందరికీ రాయాలి అంది. ఉద్దేశం మంచిదే, అప్పటిదాకా ఆపరేషన్ అయినవాళ్ళు కూడా నొప్పితో అల్లాడేవాళ్ళు. 2001 నుంచి ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే సంస్థ కూడా దాన్ని రూలు చేసింది. అంతకుముందే 1996లో ఆక్సీకాంటిన్ అనే మార్ఫిన్ జాతి బిళ్ళ మార్కెట్లోకొచ్చింది, అలవాటు కాదని కంపెనీ ఊదరగొట్టింది, నంబరు తగ్గించాలనే తొందరలో నడుమునొప్పికి, పంటినొప్పికి కూడా ఆ బిళ్ళలు సీసాలకి సీసాలు రాశారు, తర్వాత ఎన్ని లక్షల కుటుంబాలు నాశనమయ్యాయో మీరు వార్తల్లో చూసే ఉంటారు. మనకి జబ్బు తిరగేసి ఉంది, అక్కడ అక్కర్లేనివాళ్ళకి పోశారు, ఇక్కడ కావాల్సినవాళ్ళకి ఇవ్వట్లేదు. కానీ రెండు చోట్లా తప్పు ఒకటే, నంబరు రాశారు గానీ మనిషిని చూడలేదు.

కాబట్టి నంబరుతో పాటు ఒక్క ప్రశ్న కలపండి. "దగ్గగలుగుతున్నావా? పక్కకి తిరగగలుగుతున్నావా? బాత్రూమ్ దాకా నడిచావా?" పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళు నొప్పికి భయపడి గట్టిగా దగ్గకపోతే కఫం చేరి నిమోనియా వస్తుంది, కదలకపోతే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో చూపించింది ఇదే, నొప్పిని ఒక్క మందుతో కాకుండా నరానికి మత్తు, పారాసిటమాల్, ఇంకో మందు, ఇలా తలా కొంచెం కలిపి అదుపులో పెట్టి, ఆపరేషన్ రోజే లేపి కూర్చోబెట్టి తినిపిస్తే పేగు ఆపరేషన్ అయినవాళ్ళు కూడా రెండు మూడు రోజుల్లో ఇంటికి పోయారు. పడుకుని నంబరు 2 చెప్పే పేషెంటు, దగ్గమంటే 9 అనొచ్చు. రెండూ రాయండి.

మందు ఇచ్చాక గంటలో మళ్ళీ వెళ్ళి అడగండి, అది కూడా రాయండి. "రాశావు సరే ఏం చేశావు" అన్న ప్రశ్నకి అదే జవాబు, 8 ఉంది, డాక్టరుకి చెప్పాను, మందు ఇచ్చాను, గంటకి 4 అయింది. ఆ ప్రశ్న మిమ్మల్ని తిట్టడానికి అడిగినా సరే, ప్రశ్న మాత్రం మంచి ప్రశ్నే.

ఇంకోటి చెప్పాలి, ఇది నర్సులందరూ తెలుసుకోవాలని నా కోరిక. ఇటలీలో ఫాబ్రిజియో బెనెడెట్టి అనే ఆయన ఆపరేషన్ అయినవాళ్ళకి నొప్పి మందుని రెండు రకాలుగా ఇచ్చి చూశారు. కొందరికి ఎదురుగా నిలబడి "ఇది నొప్పి మందు, కాసేపట్లో తగ్గుతుంది" అని చెప్పి, కొందరికి చెప్పకుండా మెషిన్ ద్వారా. అదే మందు, అదే డోసు, చెప్పి ఇచ్చినవాళ్ళకి నొప్పి ఎక్కువ తగ్గింది. మనం సెలైన్ గొట్టంలో ఇంజెక్షన్ తోసేసి మాట్లాడకుండా పక్క బెడ్‌కి పోతాం కదా, ఆ ఒక్క మాట అనకపోవడం వల్ల మందులో కొంత భాగం వృథా అయినట్టే. షిఫ్టుకి ఎంతమంది పేషెంట్లో నాకు తెలుసు, అయినా ఆ మాటకి పది సెకన్లు చాలు.

*

"మేడమ్ మా పాపకి నెలన్నర టీకాలు వేయించాలి. అమ్మమ్మ 'అంత చిన్నపిల్లలకి నొప్పి తెలీదులే, ఒక నిమిషం ఏడ్చి మర్చిపోతారు' అంటోంది. నాకేమో చేతులు వణుకుతున్నాయి. నిజంగా తెలీదా?"
ఒక తల్లి, మంచిర్యాల

తెలుస్తుందమ్మా. అమ్మమ్మని ఏమనకండి, డాక్టర్లు కూడా 1980ల దాకా అదే అనుకున్నారు. నెలలు నిండని పిల్లలకి గుండె దగ్గర ఆపరేషన్ చేసేటప్పుడు కూడా చాలాచోట్ల కదలకుండా ఉండే మందు ఇచ్చి, నొప్పి తెలియకుండా ఉండే మందు సరిగ్గా ఇచ్చేవాళ్ళు కాదు. పుట్టిన పిల్లల నరాలు ఇంకా తయారవలేదు, మత్తు ఇస్తే ప్రమాదం అని నమ్మారు. ఇండోర్‌లో ఎంబీబీఎస్ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్జీత్ ఆనంద్ అనే మన కుర్ర డాక్టరు పసిపిల్లల ఐసీయూలో పనిచేస్తూ, ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు బాగున్న బిడ్డ తిరిగొచ్చేసరికి పాలిపోయి, ఊపిరి అందక ఎందుకుంటోంది అని ఆలోచించాడు. కొందరు పిల్లలకి ఫెంటనిల్ అనే నొప్పి మందు కలిపి, కొందరికి మామూలు పద్ధతిలో చేసి, రక్తంలో ఒత్తిడి హార్మోన్లు కొలిచాడు. 1987లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, నొప్పి మందు ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి బాగా తక్కువ, తర్వాత వచ్చే ఇబ్బందులూ తక్కువ. ఆ ఒక్క పని వల్ల లోకంలో పసిపిల్లల ఆపరేషన్లు చేసే తీరే మారిపోయింది. ఏడుపుని ఏడుపుగా వదిలెయ్యకుండా, ఎందుకు అని అడిగినందుకు.

మీ పాప టీకాకి అంత పెద్ద మందులేం అక్కర్లేదు. సూది వేసే రెండు మూడు నిమిషాల ముందు నుంచి రొమ్ము పట్టించండి, వేస్తున్నప్పుడూ తాగనివ్వండి, వేశాక కూడా. తల్లిపాలు తాగుతూ ఉంటే నొప్పి తక్కువ తెలుస్తుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. బల్లమీద పడుకోబెట్టి నొక్కి పట్టుకోనివ్వకండి, మీ ఒళ్ళోనే ఉంచుకోండి. ఏఎన్ఎమ్ తొందరపడితే "ఒక్క నిమిషం అక్కా" అనండి, ఏమీ అనుకోదు. సూది వేసిన చోట గట్టిగా రుద్దొద్దు.

*

"డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. జీడిపప్పు పని. ఆడవాళ్ళం పొద్దున్నించి సాయంత్రం దాకా కింద కూచుని పిక్కలు కొడతాం. మోకాళ్ళు, నడుం. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటే రెండ్రోజులు బాగుంటది, లేదంటే రోజూ ఒక నొప్పుల బిళ్ళ. మా ఊళ్ళో చాలామందికి కిడ్నీలు పోయాయి. బిళ్ళ ఆపెయ్యమని మా అబ్బాయంటాడు. ఆపితే పని చేయలేను."

మీ అబ్బాయి మాట వినండమ్మా, కానీ మీ బాధ కూడా నిజమే. పని ఆపితే కూలి పోతుందని తెలిసీ ఊరికే బిళ్ళ మానెయ్యమనడం సరైన వైద్యం కాదు.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయన్నదానికి ఇదీ కారణం అని ఇంకా ఎవరూ తేల్చి చెప్పలేదు, నీళ్ళు, ఎండలో పని, మందులు, ఇలా చాలా వాటిమీద పరిశోధన జరుగుతోంది. కానీ ఒక సంగతిలో అనుమానం లేదు, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు, ఆ ఇంజెక్షన్లు రోజూ వాడితే కిడ్నీకి పోయే రక్తం తగ్గిపోతుంది, నీళ్ళు సరిగ్గా తాగకుండా ఎండలో ఉన్నప్పుడైతే ఇంకా ప్రమాదం, అప్పటికే కొంచెం దెబ్బతిన్న కిడ్నీ ఉంటే మరీనూ. మీరున్నది ఉద్దానం కాబట్టి ముందు రక్తంలో క్రియాటినిన్, యూరిన్ టెస్టు చేయించుకోండి. పీహెచ్‌సీలో చేస్తారు, అవసరమైతే పలాసలో ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళని "ఇందులో ఏముందో కాగితం మీద రాసివ్వు" అని అడగండి, చాలాసార్లు అందులో స్టెరాయిడ్ కలుస్తుంది, రెండ్రోజుల సుఖం అందువల్లే.

నొప్పికి: బిళ్ళ బదులు అదే మందు ఆయింట్‌మెంట్ రూపంలో మోకాలికి రాసుకోండి, ఒంట్లోకి చాలా తక్కువ పోతుంది, కానీ కిడ్నీ టెస్టు తేడాగా ఉంటే అది కూడా డాక్టరుని అడిగే వాడాలి. మరీ భరించలేని రోజున పారాసిటమాల్, డాక్టరు చెప్పిన మోతాదులో. కింద కూర్చోవడం మానేసి ఎత్తు పీట, దానికి తగ్గట్టు ఎత్తు బల్ల మీద పిక్కలు కొట్టేలా చూసుకోండి, నలుగురు కలిసి యజమానిని అడిగితే ఇవ్వొచ్చు. కుర్చీలో కూర్చుని కాలు ముందుకి చాపి పది లెక్కపెట్టే దాకా అలాగే ఉంచి దించండి, ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా రాత్రీ. తొడ కండ బలపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. నెలన్నర చేస్తేనే తేడా తెలుస్తుంది, మొదటి వారంలో మానెయ్యొద్దు.

*

"ఎమ్మారైలో ఎల్4 ఎల్5 డిస్క్ డీజనరేషన్, బల్జ్ అని వచ్చింది. నాకు 34 ఏళ్ళు, ఐటీ జాబ్, మాదాపూర్. ఆపరేషనేనా?"

కంగారు పడకండి. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, డీజనరేషన్ అంటే అది అరగడం, బల్జ్ అంటే కొంచెం బయటికి ఉబ్బడం. నడుంనొప్పి అసలే లేనివాళ్ళకి స్కాన్లు తీసిన 33 అధ్యయనాలు, 3,110 మంది, అన్నీ కలిపి 2015లో లెక్క చూస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం. ఒక వయసు దాటాక తల నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. మూత్రం, విరేచనం తెలియకుండా పోవడం, కూర్చునే చోట తిమ్మిరి, కాలు బలం తగ్గడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవి ఉంటే మాత్రం ఈ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లేకపోతే నడవండి, మంచానికి అతుక్కుపోవద్దు, గంటకోసారి కుర్చీలోంచి లేవండి. రిపోర్టు ఫోన్‌లో పెట్టుకుని రోజూ చదువుకోవద్దు, భయపడి కదలడం మానేసినవాళ్ళకే నొప్పి ముదరడం చూస్తున్నాను.

*

"మేము డాలస్‌లో ఉంటాం. జ్ఞానదంతం తీసి ఒట్టి ఐబుప్రొఫెన్, టైలెనాల్ చాలంటున్నారు, ఏదైనా గట్టిది ఇండియా నుంచి పంపించుకోవచ్చా?"

వద్దు. పంటి నొప్పికి ఆ రెండూ కలిపి వేసుకుంటే ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) బిళ్ళలకి ఏమాత్రం తీసిపోకుండా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది, అమెరికా డాక్టర్లు పైన చెప్పిన దెబ్బ తిన్నాకే ఇలా మారారు. టైలెనాల్ అంటే మన పారాసిటమాలే. సీసామీద రాసిన మోతాదు దాటొద్దు. గట్టి నొప్పి బిళ్ళ ట్రమడాల్ ఇక్కడ కూడా 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందకే వచ్చింది, ఎవరిచేతా పంపించుకోకండి.

*

"మేడమ్, షుగర్ వల్ల మా ఆయనకి మోకాలి కింద కాలు తీసేశారు, నాలుగు నెలలైంది. పుండు మానింది. కానీ 'పాదం మండుతోంది, బొటనవేలు మెలితిప్పినట్టుంది' అని రాత్రిళ్ళు ఏడుస్తాడు. లేని వేలు ఎలా నొప్పెడుతుంది? మా మరిది 'అదంతా భ్రమ, పట్టించుకోకు వదినా' అంటాడు. ఆయన ఇప్పుడు నాకు కూడా చెప్పడం మానేశాడు."
ఒక పాఠకురాలు, అనంతపురం

మీ ఆయన చెప్పడం మానేశాడన్న ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ పేజీ ముందు ఆయనకి చదివి వినిపించండి. ఆ నొప్పి నిజం. కాలు పోయింది గానీ మెదడులో ఆ కాలికున్న చోటు పోలేదు, అక్కడి నరాలు ఇంకా ఆ వేలి కబురు కోసం చూస్తూనే ఉంటాయి. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్ళు చేతులు పోయిన సైనికులని చూసి వెయిర్ మిచెల్ అనే డాక్టరు 1871లోనే దీని గురించి రాశాడు, అంటే 150 ఏళ్ళ పైనే తెలిసిన సంగతి, అయినా ఇప్పటికీ రోగి చెప్పడానికి సిగ్గుపడే పరిస్థితి.

దీనికి మందులున్నాయి, నరాల నొప్పికి ఇచ్చేవి, కొందరికి బాగా పనిచేస్తాయి, డాక్టరుని అడగండి. కానీ మీకు నేను చెప్పాలనుకున్నది అద్దం గురించి. చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఒక మామూలు అద్దంతో ఈ వైద్యం కనిపెట్టారు. ఉన్న కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనపడేలా అద్దం నిలబెట్టి, ఉన్న కాలిని కదిలిస్తుంటే మెదడుకి రెండు కాళ్ళూ కదులుతున్నట్టు అనిపిస్తుంది, మెలిపడిన వేలు విడిపోయినట్టు అనిపిస్తుంది. 2007లో అమెరికా సైనిక ఆసుపత్రిలో కాలు పోయినవాళ్ళని మూడు గుంపులు చేసి చూశారు, అద్దం వాడిన ఆరుగురికీ నాలుగు వారాల్లో నొప్పి తగ్గింది, అద్దానికి గుడ్డ కప్పి చేసినవాళ్ళలో ఒకరికే కొంచెం తగ్గింది. చిన్న పరిశోధనే, అందరికీ పనిచేస్తుందని మాటివ్వను, ఖర్చు మాత్రం ఒక అద్దం.

బీరువా తలుపు అద్దమంత పొడుగుది, అంచులకి ఫ్రేము ఉన్నది తీసుకోండి. ఆయన్ని మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టండి, అద్దాన్ని రెండు కాళ్ళ మధ్య నిలువుగా పెట్టండి, మెరిసే వైపు ఉన్న కాలి వైపుకి ఉండాలి, తెగిన కాలు అద్దం వెనక్కి పోవాలి. ఉన్న కాలికి గొలుసు, తాడు, సాక్సు లాంటివి ఉంటే తీసెయ్యండి. ఇప్పుడు ఆయన అద్దంలోకే చూస్తూ పాదం మెల్లగా పైకి, కిందికి, వేళ్ళు ముడిచి తెరిచి, లేని పాదం కూడా అలాగే కదులుతోందని అనుకుంటూ చేయాలి. రోజుకి పదిహేను నిమిషాలు, నాలుగు వారాలు. మొదట్లో కొందరికి తల తిరిగినట్టు, ఏడుపొచ్చినట్టు ఉంటుంది, అప్పుడు ఐదు నిమిషాలకే ఆపి మర్నాడు చేయండి. మీరు పక్కనే కూర్చుని అద్దం కదలకుండా పట్టుకోండి, అయ్యాక ఇప్పుడు రూపాయిలో ఎంతుంది అని అడిగి రాసుకోండి. నెల తర్వాత ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపండి.